వదులు కోటు

ఆదివారం మధ్యాహ్నం అశ్వారావుపేటలో దర్జీ, అతని భార్య పాత నలుపు తెలుపు సినిమా చూస్తున్నారు. అందులో మొగుడూ పెళ్ళామూ నవ్వుకుంటూ, పోట్లాడుకుంటూ హంతకుణ్ణి వెతుకుతున్నారు. దర్జీ భార్యకు మాత్రం ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

"చంపింది ఆ మేనేజరే," అన్నాడు దర్జీ, తెర మీద కోటు వేసుకున్న మనిషిని చూపిస్తూ.

"గింత జల్దీ ఎట్ల చెప్తవ్?"

"భుజాలు జారినయ్ చూడు. ఆ కోటు వానిది కాదు, సచ్చినోనిది."

"పరాయోళ్ళ భుజాలైతే మంచిగనే కనబడతయ్ నీకు."

"పొద్దటి సంది లేస్తవ్, కూసుంటవ్. ఏందే నీ బాధ?"

"ఈ జాకిట్ ఎవరు కుట్టిన్రు?"

"నేనే, దసరాకు."

"ఇప్పుడు నా భుజాలు చూడు."

"అరె, గింత లూజా? కొలత తప్పిన్నా ఏంది?"

"కొలత తప్పలే. నేనే సగమైతున్న. రెండు నెలల సంది పిన్నీసులు పెట్టుకుంటున్న."

టీవీలో మేనేజరు దొరికిపోయాడు. దర్జీ అటు చూడలేదు.