ముల్లు నలభై అయిదు, వేగం యాభై రెండు

నా పేరు మీ స్టేషను రిజిస్టరులో పైన రాసుకున్నారు. బస్సు డిపోలో మాత్రం అందరికీ మీటరు మేస్త్రినే. వయసు నలభై ఆరు. పని స్పీడోమీటర్లు బాగుచేయడం. ఇరవై రెండేళ్లుగా అదే వర్క్‌షాపు, అదే కిటికీ పక్క బల్ల.

ఏడో నంబరు బస్సు డ్రైవరు మా అక్క భర్త. నిన్న, గురువారం, ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి మలుపులో ఆయన బస్సు తగిలి ఒక టైలరమ్మ కాలు విరిగింది. అక్కడ వేగం హద్దు గంటకు నలభై కిలోమీటర్లు. మీ కెమెరా యాభై రెండు అంది. మా బావ నలభై అయిదన్నాడు. అబద్ధాలకోరు అంటూ మీ వాళ్లు ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆయన అబద్ధమాడలేదు. కెమెరా తప్పూ లేదు. ముందు అది రాయండి.

మామూలుగా మీటరు ముల్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. తయారుచేసేవాళ్లే అలా పెడతారు. ముల్లు నలభై అయిదు మీద ఉంటే బండి నలభై దగ్గరే ఉంటుంది. అందుకని మా డ్రైవర్లు హద్దు మీద ఐదు కలిపి తోలుతారు. ఆ లెక్క నేర్పింది నేనే. నా బల్ల దగ్గర కూర్చోబెట్టి, టీ తాగిస్తూ ఒక్కొక్కరికీ చెప్పాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

సోమవారం ఏడో నంబరు వెనక యాక్సిల్, అదే చక్రాలను తిప్పే ఇరుసు, విరిగింది. మూలన పడేసిన దూరపు రూటు బస్సుది ఊడదీసి దీనికి బిగించారు. మీటరు గేరుపెట్టె తిరుగుళ్లనే లెక్కపెడుతుంది. ఈ కొత్త యాక్సిల్ అదే తిరుగుడుకు చక్రాలను ఎక్కువ తిప్పుతుంది. ఆ సంగతి ముల్లుకు తెలియదు. బుధవారం ఉదయం పదకొండింటికి నేనే బస్సెక్కాను. ముల్లును నలభై మీద కదలకుండా ఉంచమని బావ బదులు వచ్చిన డ్రైవరుకు చెప్పి, ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా గడియారం పట్టాను. నలభై వేగానికి తొంభై సెకన్లకు తగ్గకూడదు. డెబ్బై ఎనిమిదికే వచ్చేసింది, అంటే అసలు వేగం నలభై ఆరు. మళ్లీ పట్టాను. డెబ్బై ఎనిమిది.

"ఈ బస్సు బయటికి పంపకండి, ముల్లు తక్కువ చూపిస్తోంది" అని ఫోర్‌మన్‌తో చెప్పాను.

"ముల్లు కదులుతోందిగా మేస్త్రీ, ఇంకేం కావాలి నీకు? డ్రైవర్లకు కళ్లు లేవా?" అన్నాడు.

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. లోపాల పుస్తకంలో రాశాను. నిన్న చూస్తే నేను రాసిన దాని మీద ఎర్ర గీత, పక్కన 'సరిచూడబడినది' అని వాడి సంతకం. ఏం సరిచూశాడు? కుర్చీలోంచి లేచాడా అసలు? ఈ ఉదయం ఎనిమిదిన్నరకు నా దగ్గరికొచ్చి, "మీ బావ తప్పు ఒప్పేసుకుంటే అందరికీ మంచిది, నువ్వు కాస్త నచ్చజెప్పు" అన్నాడు. నా చేతిలో స్పానరుంది. కొట్టలేదు. కొట్టలేదని కూడా రాయండి.

బావ నాలుగు రోజులు సెలవులో ఉండి నిన్ననే డ్యూటీ ఎక్కాడు. బుధవారం సాయంత్రం నేను వాళ్లింట్లోనే భోంచేశాను. కంచం ముందు డిపో గొడవలెత్తితే అక్క ఊరుకోదు. పుస్తకంలో రాశాను కదా, బస్సు ఎలాగూ ఆపేస్తారులే అనుకున్నాను. ముద్ద మింగుతూ కూర్చున్నాను. నా నోరు పడిపోను, ఒక్క మాట చెబితే ఏం పోయేది?

ఇవాళ పదింటికి మీ లాకప్పు దగ్గర నన్ను చూసి ఆయన అన్న మాట ఇది: "ఒరేయ్, నువ్వు చెప్పినట్టే ఐదే కలిపాను. ఆరు కూడా కలపలేదు. ఆ మాట నువ్వొచ్చి చెబితే వీళ్లు వింటారు."

యాక్సిల్ సంగతి ఆయనకింకా తెలియదు. నేను చెప్పలేకపోయాను. ఈ కాగితం కోర్టులో చదువుతారు కదా, అప్పుడు వింటాడు.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు, చదివి వినిపించారు. ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం)
మీటరు మేస్త్రి
శుక్రవారం, మధ్యాహ్నం 12.20