ఆగిందన్న మాట

పేరు, చిరునామా వాంగ్మూలం పైన మీరు రాసుకున్నారు. వయసు నలభై ఆరు. రబ్బరు షీట్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. చెయ్యి నలిగినవాడు నా భార్య తమ్ముడు, మా షిఫ్టు మేస్త్రీ. రోలర్లు ఆన్ చేసింది నేనేనని సూపర్‌వైజర్ మీకు చెప్పారట. పచ్చి అబద్ధం. అవి అప్పటికే తిరుగుతున్నాయి.

మేస్త్రీ పని నాకు రావలసింది, వాడికిచ్చారు. నెల రోజులుగా మా ఇద్దరిదీ ఎడమొహం పెడమొహమే. పనిలో తప్పనిసరైతే ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్ళం. అడిగారు కాబట్టి దాచను. అంతమాత్రాన సొంత బావమరిది చెయ్యి నలిపేస్తానా? ఇది కూడా రాసుకోండి.

ఆ రోలర్ల మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు వణికేది. ఇంజనీర్లు టార్క్ రిపుల్ అంటారు, మేం వణుకు అంటాం. మోటారు వేగం మార్చే ఇన్వర్టర్ కరెంటును ముక్కలుగా కోసి మోటారుకు పంపుతుంది. ముక్కల మధ్య వదిలే ఖాళీ సరిగ్గా లేకపోతే మోటారు కుదుపుతూ తిరుగుతుంది. దానివల్ల షీటు మీద గీతలు పడి సరుకు వెనక్కి వచ్చేది. సెక్షన్లో ఎవరు ఎదురుపడినా "ఆగిందా?" అనే అడిగేవారు. వణుకు గురించే.

ఇంకో సంగతి. రోలర్లు ఆగాయో లేదో మేం లైటు చూడం, ఫ్రేము మీద అరచెయ్యి ఆనిస్తాం. వణుకు లేకపోతే ఆగినట్టే లెక్క.

నిన్న ఉదయం ఇన్వర్టర్ ఇంజనీర్ వచ్చి ఆ ఖాళీలు సరిచేశారు. రోలర్లను షీటు వేయకుండా, బాగా నెమ్మదిగా తిరగనిచ్చి, సూపర్‌వైజర్‌కి చెప్పి బయటికి వెళ్ళారు. సూపర్‌వైజర్ ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయన్ని అడిగారా? అందరికంటే ముందు పోలీసు స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చింది ఆయనే కదా!

పదకొండింటికి నేను ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. మోటారు తిరుగుతున్నట్టు చూపిస్తోంది. ఫ్రేము మీద చెయ్యి పెడితే వణుకు లేదు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! అప్పుడే, రోలర్లకు అడ్డంగా బిగించిన గార్డు రేకు వెనక నుంచి వాడు, "బావా, ఆగిందా?" అన్నాడు. మనిషి నాకు కనపడలేదు.

"ఆగింది!" అన్నాను, నవ్వుతూ.

వాడు అడిగింది రోలర్ల గురించి, నేను చెప్పింది వణుకు గురించి. అంటుకున్న రబ్బరు ముక్క తీయడానికి గార్డు కింద నుంచి చెయ్యి పెట్టాడు. అరుపు విని, రోలర్లను ఆపే ఎర్ర బటన్ కొట్టింది నేనే. బటన్ మీద నా చెయ్యి చూశానంటున్న సూపర్‌వైజర్, ఏ బటనో మాత్రం చెప్పడం లేదు.

ఆసుపత్రిలో వాడు నావైపు చూడలేదు. వాళ్ళక్కతో అన్నాడు: "బావ నవ్వుతూ పలికాడక్కా. కోపం పోయిందనుకున్నా. ఆ సంతోషంలో ఇంకేం చూసుకోకుండా చెయ్యి పెట్టేశా."

బయట వరండాలో నా భార్య ఒక్కటే అడిగింది: "ఎందుకు నవ్వారు?"

మోటారు బాగుపడిందని నవ్వానన్నాను. ఆవిడ నమ్మలేదు.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి నాకు చదివి వినిపించారు. నవ్వానన్నది కూడా నిజమే, దాన్ని కొట్టేయవద్దు.

(సంతకం)