రషీదా ఎక్కించిన క్యాసెట్టు

మీ నానీ గురించా? ఆ చాట పక్కకి నెట్టి కూర్చోవే. ఫోటోలో కొంగు కప్పుకుని బుద్ధిమంతురాల్లా కనపడుద్ది గానీ, మీ అమ్మని కన్న ఆ రషీదా ఎంత మొండిదో నన్నడుగు. ఎనభైల్లో మాట. పేటలో ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచరు. బడి గోడకి ఇవతల నా కారం మిల్లు. ఏదో ఆఫీసోళ్ళు వాడి వాడి ఒక కంప్యూటరు బడికి దానమిచ్చారు. దానమేంది, వాళ్ళకి చెత్త మోయించే కూలి మిగిలింది. దాన్ని లేపే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ బూజు పట్టిపోయింది. అది లేకపోతే కరెంటున్నా ప్రాణంలేని పెట్టే. హెడ్మాస్టరు ధనుంజయరావు, నశ్యం ముక్కులో ఇరుక్కున్న గొంతు ఆయనది, "రషీదమ్మా, శనివారం పాత ఇనుము లారీ వస్తది, ఎక్కించేద్దాం" అన్నాడు. ఈమె ఊరుకుంటదా? "లేపి చూపిస్తా సార్. లేస్తే పిల్లలకి ఉంచాలి" అంది.

ఎట్టా లేపుద్ది, ఆ ప్రోగ్రాం ఎక్కడా దొరకదు గదా. తనే రాసింది. కెర్నెల్ అంటారంట, మిషను కళ్ళు తెరవగానే ఇది నీ తెర, ఇవి నీ మీటలు, ఎవరన్నా నొక్కితే ఇట్టా పలకాలి అని నేర్పే అసలు ముక్క. ముందున్న అంకెల బొత్తాలు నొక్కితే గుర్తుంచుకుని, టేపురికార్డరు తగిలిస్తే వాటిని కూతలుగా పంపి, మళ్ళీ ఆ కూతలే విని లోపలికి ఎక్కించుకునేపాటి తెలివి ఆ పెట్టెకి పుట్టుకతోనే ఉంది. బడి వదలగానే కూర్చుని అంకెలన్నీ కొట్టేది, క్యాసెట్టులోకి ఎక్కించేది, పెట్టె ఆపి మళ్ళీ అదే వినిపించేది. కీచుమని ఒకటే కూత. మిల్లుకొచ్చిన ఆడోళ్ళు "టీచరమ్మకి ఏమన్నా సోకిందా అక్కా" అని. సోకితే నీకేందే, నీ మిరపకాయలు నువ్వు చూసుకో అన్నా. శుక్రవారం సాయంత్రం ఉరుక్కుంటా వచ్చి నా చేతులు పట్టుకుంది, "లేచిందక్కా" అని. కారం చేతులని చూళ్ళా. తర్వాత కళ్ళు తుడుచుకుని లబలబ.

శనివారం లారీ గేటు కాడ నిలబడింది. గది నిండా పిల్లలు. బడికీ మిల్లుకీ ఒకటే లైను, నా మోటారు తిరిగితే వాళ్ళ బల్బులు గుడ్డిగా వెలిగేయి. అందుకని పెద్ద మనసు చేసుకుని మిల్లు ఆపి కిటికీ కాడికి పోయా. క్యాసెట్టు పెట్టింది. కూసింది. తెర నల్లగానే ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. లేదు. "పోనీలేమ్మా, ప్రయత్నం చేశావు" అన్నాడు ధనుంజయరావు. ఆ జాలికి ఒళ్ళు మండింది నాకు. లారీవాడు వైర్లు పీకబోయాడు. రషీదా తల వంచి ఆ కూతే వింటా ఉంది. ఉన్నట్టుండి, "అక్కా, మిల్లు ఆపావా?" "నీకోసమే ఆపా." "నీకు పుణ్యముంటది, తిప్పు. రోజూ నీ మిల్లు తిరుగుతుంటేనే రికార్డు చేశా, అప్పుడు టేపు నీరసంగా నడిచింది. ఇప్పుడు పరిగెడతంది, మిషనుకి అందట్లా."

కుచ్చిళ్ళు ఎగదోపి లగెత్తా. ఉత్త మిల్లు చాలదని ఎవరిదో తట్టెడు మిరపకాయలు అడక్కుండా గుమ్మరించా. ఆ మోతలో కూడా పిల్లల కేక వినపడింది. పోయి చూద్దును గదా, తెర మీద పచ్చటి గీత, ఆరతా వెలగతా. "ఏమన్నా కొట్టండి సార్" అంది రషీదా. ధనుంజయరావు ఒక వేలితో కొట్టాడు, అక్షరం పడింది. ఇంకోటి. ఇంకోటి. పిల్లలు "మాకివ్వండి సార్" అంటన్నా జరగడు. లారీవాడు "పెట్టె ఎక్కించమంటారా" అంటే తల కూడా తిప్పకుండా, "ఎవరయ్యా, పక్కకి జరుగు, తెర కనపడట్లా" అన్నాడు.

మీ నానీనా? గోడకి ఆనుకుని, పిల్లలందరి తలల మీదుగా అట్టా నా వైపే చూస్తా...

చాల్లే. అన్నం తిని పో.