హంద్రీ తాగిన వాలుగ

కల్లూరులో షేర్ ఆటోలు ఆగేకాడ నాగక్క టీ అంగడి. కంబన్న మొగం గంటు పెట్టుకోని వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

“మా పక్కింటి ప్రమీలారాణి పిల్లిని నా చేప మింగిందంట. వీధంతా అదే మాట. ఏమప్పా ఈరన్నా, నా ఎర్రతోక వాలుగ పిల్లిని ముట్టే జాతా?”

“అదేం చేపప్పా?” అన్నాడు పెద్ద ఈరన్న.

“ఇంట్లో అద్దాల తొట్లో పెంచుకునేది. నల్లటి వీపు, ఇంతింత మీసాలు, తోకేమో పండుమిరపకాయే. శామ్ అంగట్లో తెచ్చినపుడు నా వేలంత ఉండె. తెల్లారి చూస్తే తొట్లో బంగారు చేపలు ఒగటీ లేవు. నేనేమన్నా అంటినా? పసిది, ఆకలేసింటాది అనుకుంటి. కోడి పేగులు ఏస్తే మింగె. నీళ్ళు తిప్పే మోటరును మింగె. కడుపులో మోటరు తిరుగుతాంటే ఇల్లంతా గుర్రుమని సప్పుడు, మా ఇంటామె హంపమ్మకి కునుకు లేదు.”

“కడుపులోకి కరెంటు యాడిదప్పా?”

“అడ్డమొస్తే ఎట్ల చెప్పేది? దాని మీసాల్లోనే ఉండాది కరెంటు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొట్టి చాలక సంపులో ఇడిస్తి, సంపు చాలక ట్రాక్టరు ట్యాంకర్లో ఏసుకోని హంద్రీకి తోల్తి. నోరు తెరిచె. ఒగటే గుక్క, ఇసుక తేలె. వానల్లేక ఏరు ఎండిందని మీరంతా ఆకాశాన్ని తిడ్తాండారు, పాపం ఆకాశం ఏం చేసె? ఏటిని కడుపులో పెట్టుకోని అది తుంగభద్రలోకి జారి, ఆడ్నుంచి శ్రీశైలం పోయి, డ్యాముకు వీపు ఆనిచ్చి పండుకోనుండాది. మొన్న గేట్లు ఎత్తిందెవరు? అది, తోకతో. జనం ఎగబడి ఫొటోలు తీసుకునిరి, ఒగడన్నా కంబన్న చేప అనెనా? అంతదాన్ని పట్టుకోని పిల్లిని తినె అంటారా?”

“అంత పెంచినావు, పోతాంటే ఆపల్యా?” అనింది నాగక్క.

“పోయేవాళ్ళను ఆపేదెట్ల నాగక్కా? పోతా పోతా నా దిక్కు తిరిగి చూసి మీసం ఊపె.” కంబన్న గొంతు ఎందుకో తగ్గింది.

చేపల అంగడి శామ్ అప్పటిదాకా పొయ్యికాడ నిలబడి గమ్మున టీ తాగుతాండాడు. గ్లాసు కింద పెట్టాడు.

“అన్నా, నీ చేప మా అంగట్లోనే ఉండాది. నువ్వు పెండ్లికి ఒంటిమిట్ట పోయినపుడు వదిన బక్కెట్లో తెచ్చిచ్చె. తోకతో కొట్టి తొట్టి పగలగొడతాదని ఆమెకు భయం. నీకు చెప్పొద్దనింది. వచ్చినకాడ్నుంచి అది మేత ముట్టల్యా.”

ఈరన్న నవ్వబోయి, కంబన్న మొగం చూసి ఆగిపోయాడు.

“యాడ పెట్టినావు దాన్ని?”

“వాకిలికాడుండే తొట్లో అన్నా.”

“ఆ తొట్లోనా? మూరెడు చేప, తిరుక్కోను యాడుంటాదిరా చోటు? మనిషివేనా నువ్వు?”

కంబన్న సగం టీ అట్లనే వదిలేసి లేచాడు. “నడువు. అంగడి తెరుపో.”