ఆదివారం చొక్కా

అమెరికాలో ఫాల్ రివర్ పట్నం. నూలు మిల్లుల పక్క వీధిలో, మూడో అంతస్తులో ఒక పోర్చుగీసు కుటుంబం వంటిల్లు. 1954 నవంబరు, ఆదివారం సాయంత్రం. ఫుట్‌బాల్ ఆటకని వెళ్లిన అమాన్సియో ఇప్పుడే వచ్చాడు. భార్య దియోలిందా పొయ్యి దగ్గరుంది.

"ఆ బురదతో లోపలికి రాకు. అక్కడే విప్పు. ఏమయ్యా, నీక్కాదూ చెప్పేది?"

"విప్పుతున్నానే. వంగితే మోకాలు పట్టేస్తోంది."

"పట్టెయ్యదూ మరి! ముప్పై ఆరేళ్లొచ్చాయి, ఇంకా కుర్రాడివనుకుంటున్నావా? చెబుతున్నా విను, ఈ చొక్కా ఇక నేను ఉతకను."

"పోయిన వారమూ ఇదే అన్నావు."

"అన్నాను. ఉతికాను. వారమంతా మిల్లులో నూలు, ఆదివారం నీ బురద. నా చేతులు చూడు ఎలా ఉన్నాయో! సరే, గెలిచారా?"

"ఆఁ... గెలిచాం. రెండొకటి."

"నువ్వు కొట్టావా?"

"ఒకటి కొట్టించాను. ఎడమ పక్కనించి బంతి... అబ్బ, అన్నీ అడక్కే. సూపులో మాంసం ఉందా?"

"చోరీసో సాసేజీ ముక్కలు వేశాను. ముందు ఇలా దీపం కిందికి రా. నుదురు చూపించు."

"నుదురెందుకే ఇప్పుడు?"

"ఆ బంతికి తోలుతాడు కుట్టు ఉంటుందిగా. తలతో కొడితే అచ్చు పడుతుంది. పెళ్లైన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆ అచ్చుకి వెన్న రాస్తున్నాను. ఈ మధ్య రాసే పనే పడట్లేదు."

"తలతో ఆడట్లేదు. వయసైందని నువ్వేగా అంటావు!"

"ఔను, నేనే అంటాను. మధ్యాహ్నం జెఫెరినో వచ్చాడు."

"ఎవరు, క్లబ్బు జెఫెరినోనా? ఎందుకూ?"

"నువ్వు మైదానంలో ఉండాల్సిన వేళకి వచ్చాడు."

"ఏం చెప్పాడు?"

"చెప్పాల్సిందంతా చెప్పాడు. నిన్ను జట్టులోంచి తీసేసి నెల దాటిందట. మరి ఈ బురద ఎక్కడిదయ్యా?"

"ఏటి ఒడ్డుది. పోయి అక్కడ కూర్చుంటాను. లేచేముందు పూసుకుంటాను."

"అమ్మా మరియమ్మా! నేను ఉతకాలని తెలిసీనా!"

"తిట్టు. శుభ్రంగా తెస్తే అడుగుతావుగా. అడిగితే చెప్పాలిగా. చెబితే ఇక అయిపోయినట్టేగా, దియోలిందా."

"అమెరికా దేశం తరఫున విదేశం వెళ్లి ఆడినవాణ్ణి ఇలా తీసి పారేస్తారా?"

"ఆడానని ఎవరికి తెలుసే? తిరిగొచ్చిన మర్నాడు మిల్లులో మేస్త్రీ, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావన్నాడు. ఆ దేశం చొక్కా కూడా దిగీ దిగగానే వెనక్కి తీసేసుకున్నారు."

"ఈ జట్టు చొక్కా కూడా తీసుకోడానికే వచ్చాడు జెఫెరినో. కొత్తగా చేరినవాడికి ఇవ్వాలట."

"ఇచ్చెయ్. అలిసిపోయానే. ఉతికి ఇచ్చెయ్."

"ఇంకా ఉతకలేదని చెప్పి పంపించేశాను."

"ఊరుకుంటాడా? వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు."

"రానీ. అప్పుడూ అదే చెబుతా. అన్నాను కదా, ఈ చొక్కా ఇక నేను ఉతకను."