మెడ దాకా నింపిన సీసా

నీళ్ళ పరీక్షల గది. బల్లకి ఇటు వదిన, అటు మరిది. మధ్యలో అతను తెచ్చిన సీసా.

"మళ్ళీ అదే తప్పు. పైన ఇంత ఖాళీ వదిలేశావు."

"ఒలికిపోతుందని వదినా... అయినా రెండు వేళ్ళ ఖాళీకి ఏమవుతుంది?"

"భూమిలో రాళ్ళ నుంచి నీళ్ళలోకి దిగే గ్యాసు ఇది, రేడాన్. బోరు నీళ్ళలో రేడియేషన్ దీనివల్లే. కాస్త ఖాళీ దొరికితే చాలు, పైకి లేచిపోతుంది. మిగిలిన నీళ్ళు కొలిస్తే మీటరు ఏం చూపిస్తుంది?"

"అంటే... పోయినేడాది తెచ్చిన సీసా?"

"దాన్లోనూ ఖాళీయే."

"మరి తాగొచ్చని కాయితం రాసిచ్చారుగా!"

"ఆ సీసాలో నీళ్ళు తాగొచ్చు. నేను అబద్ధం రాయలేదు."

"వదినా, ఎదురింటి బోరులో లీటరుకి మూడొందలు చూపించిందట. వంద దాటకూడదట. అందుకే పరిగెత్తుకొచ్చాను. మాది ఎంతుంటుందంటారు?"

"నాలుగొందల ఇరవై."

"కొలవకుండానే?"

"ఎప్పుడో కొలిచాను. బోరు నీ వాటాకి వచ్చిందని గేటుకి తాళం వేశావు చూడు, ఆ ముందురోజు పట్టిన నీళ్ళు. మెడ దాకా నింపి, ఒక్క బుడగ లేకుండా మూత పెట్టి."

"రెండేళ్ళ నుంచి తెలుసా? తెలిసీ..."

"తెలిసే."

"ఇంట్లో పిల్లలున్నారు వదినా!"

"నా కూతురు బిందె పట్టుకుని నీ గేటు ముందు గంటసేపు నించుంది. అప్పుడు గుర్తురాలేదా పిల్లలు? మీ అన్న పోయి నెల కూడా కాలేదు. 'వీధి కుళాయి ఉందిగా, పొమ్మను' అన్నావు."

"అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. దానికి..."

"పోయింది. చంకలో బిందె మోసుకుంటూ పోయింది. నువ్వు కిటికీలోంచి చూస్తూ నించున్నావు. తాగనీ, కడుపారా తాగనీ అనుకున్నాను. ఈ మొహం చూడ్డం కోసమే ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నాను. ఇవాళ్టికి నా కడుపుమంట చల్లారింది."

"నవ్వకండి వదినా. అలా నవ్వకండి."

"ఎందుకు నవ్వకూడదూ?"

"మీరు పొద్దున్నే ఆరింటికల్లా డ్యూటీకి వచ్చేస్తారు."

"వస్తే?"

"మీ పాప బడికి తీసుకెళ్ళే సీసా ఎవరు నింపుతున్నారు?"

"అదే నింపుకుంటుంది. కుళాయి నీళ్ళు."

"మా ఆవిడ. తాళం వేసిన వారం నుంచే. మీకు తెలిస్తే పట్టనివ్వరని ఇద్దరూ దాచారు. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రోజూ గోడ మీంచి అందిస్తుంది వదినా... మెడ దాకా నింపి."