యోంగ్డో రాళ్ళ కింద నీళ్ళలో జరిగింది

నా పేరు బు మల్‌సున్. వయసు అరవై మూడు. కాపురం జేజు దీవి తూర్పు ఒడ్డున. వృత్తి సముద్రంలో మునిగి నత్తలు, ఆల్చిప్పలు ఏరడం. పదహారో ఏట నుంచి అదే పని. భర్త పోయాడు. చదవడం, రాయడం వచ్చు. ఇంతకు ముందు నా మీద ఏ కేసూ లేదు.

ఈ నెల పద్నాలుగున ఉదయం ఆరు గంటలకు పూసాన్ రేవులో ఓడ దిగాను. ఊరు చూడటానికి వచ్చాను. వేరే పని లేదు. ఒక్కదాన్నే వచ్చాను. నాతోపాటు ముప్పై ఒక్క ఏళ్ళు సముద్రంలో దిగిన హ్యోన్ ఇన్‌సుక్ కూడా రావాల్సింది. ఈ వసంతంలో నీళ్ళలోనే చనిపోయింది. అందుకని ఒక్కదాన్నే వచ్చాను.

రేవు వెనక సందులో ఒక సత్రంలో గది తీసుకున్నాను. సత్రం ఆవిడ "ఒక్కరేనా?" అని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. అయినా రెండు తలగడలు తెచ్చింది. ఒకటి వెనక్కిచ్చేశాను.

ఏడున్నరకు సందు చివర కొట్లో పంది ఎముకల పులుసులో అన్నం కలుపుకుని తిన్నాను. కొట్టతను కూడా "ఒక్కరేనా?" అన్నాడు. తొమ్మిదికి చేపల బజారు చూశాను. గాజు తొట్లలో మా దీవి నత్తలున్నాయి, కాసేపు అక్కడే నిలబడ్డాను. పదకొండుకు బస్సెక్కి ఊరిని ఆనుకుని ఉన్న యోంగ్డో దీవి కొసకు వెళ్ళి దీపస్తంభం చూశాను. మెట్లు దిగి సముద్రం ఒడ్డున రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటా ఇరవై.

అక్కడ ఒక ముసలావిడ గొడుగు వేసుకుని, అప్పుడే సముద్రంలోంచి తెచ్చినవి కోసి అమ్ముతోంది. ఒంటి మీద నల్ల రబ్బరు సూటు ఇంకా తడిగానే ఉంది. మునగడానికి బరువుగా నడుముకు కట్టుకునే సీసం బిళ్ళల పట్టీ కూడా విప్పలేదు. నేను నోరు తెరిచిన వెంటనే నా యాస విని కత్తి ఆపింది.

"జేజు పిల్లవా?"

"అరవై మూడేళ్ళ పిల్లని అక్కా."

"నాకు డెబ్బై ఒకటి. నువ్వు పిల్లవే. కూర్చో."

ఆవిడ పేరు కో డల్‌జా. పందొమ్మిదో ఏట పెళ్ళయి మా దీవి నుంచి ఈ ఊరు వచ్చిందట. ఆక్టోపస్ కోసి పెట్టింది. మా ఊరి మాటలు మాట్లాడుకున్నాం. ఆ రోజు నన్ను ఒక్కదానివేనా అని అడగనిది ఆవిడ ఒక్కతే.

ఒంటిగంటా యాభైకి ఆ మనిషి వచ్చాడు. పేరు ఓమ్ గితక్ అని తర్వాత పోలీసులు చెబితేనే తెలిసింది. నలభై ఏళ్ళుంటాయి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. చేతిలో సోజు సారా సీసా ఉంది. నత్తల పళ్ళెం అడిగాడు. రెండు ముక్కలు నమిలి ఉమ్మేశాడు.

"ఏంటే ఇది? చెప్పు తోలు నమిలినట్టుంది!"

"పళ్ళు మీవి బాబూ. వాటికి నేనేం చెయ్యను?" అంది డల్‌జా అక్క.

నేను గట్టిగా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"రబ్బరేసుకుని ఒడ్డున పడున్న ముసలి తాబేలువి, నువ్వా నాకు చెప్పేది?" అంటూ ఆవిడ నత్తల తొట్టిని కాలితో తన్నాడు. ఆవిడ లేచింది. సీసాతో ఆవిడ మొహం మీద కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. నేను అతని చెయ్యి పట్టుకుంటే మోచేత్తో పొడిచాడు, కింద పడ్డాను. నేను లేచేలోపు ఆవిడ జుట్టు పట్టుకుని రాళ్ళ అంచు మీద నుంచి తోసేశాడు. తల రాతికి తగిలిన చప్పుడు విన్నాను. గుమ్మడికాయ కింద పడ్డట్టుంది ఆ చప్పుడు.

సీసం పట్టీ ఉండబట్టి ఆవిడ నిలువునా మునిగిపోయింది. నేను కోటుతోనే దూకాను. అడుగున పట్టీ విప్పి పైకి తెచ్చాను. ఎడమ చేత్తో ఆవిణ్ణి పట్టుకుని కుడి చేత్తో రాయి పట్టుకున్నాను. అతను వచ్చి బూటుతో నా వేళ్ళ మీద తొక్కాడు.

"అక్కడే నానండి ఇద్దరూ!" అన్నాడు.

మళ్ళీ తొక్కాడు. రెండు వేళ్ళు విరిగాయి. దూరంగా గాలాలు వేసుకునేవాళ్ళు ఇద్దరున్నారు. కేకలు వేశారు గానీ వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమయ్యేది. నేను ఆవిణ్ణి భుజంతో కింది మెట్టు రాయి మీదికి నెట్టాను. అతను మూడోసారి కాలెత్తాడు. రెండో కాలి మడమ పట్టుకుని లాగాను.

నేల మీద అతను నాకు రెట్టింపు ఉన్నాడు. నీళ్ళలో అలా కాదు.

పడగానే నా కోటు కాలరు పట్టుకుని నా మీదికి ఎక్కబోయాడు. మునిగేవాడు పట్టుకుంటే కిందికి వెళ్ళాలి. కిందికి వెళితే వాడే వదులుతాడు. మాకు మొదట నేర్పేది అదే. నేను అతని బెల్టు పట్టుకుని కిందికి వెళ్ళాను.

తర్వాత అతన్ని పైకి తెచ్చింది కూడా నేనే. గాలాల వాళ్ళు రాయి మీదికి లాగారు. మూడుంపావుకు ఆసుపత్రిలో చనిపోయాడని చెప్పారు. డల్‌జా అక్క బతికింది. తలకు పదకొండు కుట్లు పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ తక్ గారు ఈ సంగతి రెండుసార్లు అడిగారు. "పెద్దమ్మా, అతను పట్టు వదలకపోతే ప్రాణం కాపాడుకోవడానికే కదా మీరు అలా చేసింది? కో డల్‌జా కూడా అదే చెప్పింది. మీరు అతన్ని పైకి లాగుతూనే ఉన్నారట."

డల్‌జా అక్క కళ్ళనిండా రక్తం ఉంది. ఆవిడ ఏమీ చూడలేదు. నా కోసం చెప్పింది.

నీళ్ళలో మేము గడియారం చూడం, లెక్కపెడతాం. అది అలవాటు. వద్దన్నా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. నలభై దగ్గర అతని చేతులు నా కాలరు వదిలేశాయి. వదిలేశాయని నాకు స్పష్టంగా తెలిసింది. వేళ్ళు ఒక్కొక్కటీ ఊడాయి. నేను పైకి రావచ్చు, ఊపిరి ఇంకా ఉంది.

నేను డెబ్బై దాకా లెక్కపెట్టాను.

"ఇది రాయమంటారా?" అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. కలం పక్కన పెట్టేశారు. "బాగా ఆలోచించుకోండి పెద్దమ్మా."

రాయమన్నాను. నలభై దాకా అతను నన్ను పట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్పై నేను అతన్ని పట్టుకున్నాను.

పై మాటలు నాకు చదివి వినిపించారు. ఒకచోట "పెనుగులాటలో" అని రాసి ఉంటే కొట్టేయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, ఎవరూ బలవంతపెట్టలేదు, ఇదే జరిగింది.

కుడిచేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర:
బు మల్‌సున్